కొవ్వు గడ్డేలే అన్న మాట

నంద్యాలలో బోర్డు పెట్టిన కొత్తలో నా దగ్గరికి వచ్చిన వాళ్లలో సగం మంది గర్భిణులే. ఆడ డాక్టరంటే కాన్పుల డాక్టరని ఊరి లెక్క. బోర్డు మీద క్యాన్సర్ శస్త్రచికిత్స అని ఎంత పెద్ద అక్షరాలతో రాయించినా చదివినవాళ్లు లేరు. ఒకామె ఆ బోర్డు కిందే నిలబడి, "కాన్పులమ్మ యాడ కూర్చుంటాది?" అని నన్నే అడిగింది. "ఈడనే. కానీ నేను కాన్పులు చేయను, గడ్డలు కోస్తాను" అన్నాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "నీకెందుకమ్మా ఆ పని?" అంది. ఆసుపత్రి మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు దొరకలేదు.

సర్జరీలో చేరబోయే పిల్లలు ఈమధ్య నన్ను చూడడానికి వస్తున్నారు. కాఫీ తాగి అందరూ అడిగేది ఒకటే. "అంత పెద్ద గడ్డలు కోయడానికి ధైర్యం ఎట్లా వచ్చింది మేడం?" రాలేదు నాయనా అంటే నవ్వుతారు, వినయం అనుకుంటారు. వినయం నా ఒంట్లో లేదని నాతో పనిచేసిన నర్సులను ఎవరిని అడిగినా చెబుతారు. నిజంగానే రాలేదు. ఆపరేషన్ రోజు పొద్దున నాకు ఇడ్లీ గొంతు దిగేది కాదు. చేతులు కడుక్కునేటప్పుడు కడిగిన వేళ్లనే మళ్లీ మళ్లీ కడిగేదాన్ని. కోత పెట్టాక భయం కొంచెం తగ్గేది, కుట్లు వేశాక మళ్లీ మొదలయ్యేది. మా నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నా అవస్థ చూసి "ప్రార్థన చేసుకో తల్లీ" అనేవాడు. చేసుకునేదాన్ని. భయం పోయేది కాదు సరికదా, ప్రార్థనలో ఏదైనా చెప్పడం మరిచిపోయానేమో అన్న దిగులు కొత్తగా పట్టుకునేది.

అందుకే ఇక్కడ ధైర్యం గురించి ఏమీ రాయడం లేదు. నా భయం ఏ పనికొచ్చిందో, ఎక్కడ చాలలేదో రాస్తాను.

వెనక గదిలో పెరిగేవి

రొమ్ములో గడ్డ, పేగులో గడ్డ, గర్భసంచిలో గడ్డ, వీటికి ఇప్పుడు దారులు తెలుసు. ఏది ముందు, ఏది తరువాత అని పుస్తకాలు చెబుతాయి. నన్ను భయపెట్టినవి వేరే. పేగుల వెనక, వెన్నెముకకు ముందు, కిడ్నీలు సర్దుకుని కూర్చునే చోటు ఒకటి ఉంది. ఇంటికి వెనక గది లాంటిది, ఎవరూ తొంగి చూడరు. అక్కడి కొవ్వులోనో కండలోనో అరుదుగా గడ్డ పుడుతుంది. సార్కోమా అంటాం. చోటు బోలెడు కాబట్టి అది ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పెరుగుతుంది. మనిషికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ప్యాంటు బిగుతవుతుంది, అంతే. బిర్యానీ ఎక్కువైందని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. డాక్టర్లమూ అదే ఎగతాళి చేస్తాం.

చాలామంది సర్జన్లు జీవితమంతా పనిచేసినా ఇవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా చూడరు. చూడని దానికి భయపడడం ఎవరికీ తెలియదు. ప్రమాదం అక్కడే ఉంది.

నాకు భయం నేర్పింది మద్రాసులో మా ప్రొఫెసర్. సన్నగా, పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం వార్డు చివరి మంచం దాకా వినిపించేది. ఒకసారి నాకంటే పై చదువులో ఉన్న కుర్రాడు ఇలాంటి గడ్డ మీద పనిచేస్తున్నాడు. ప్రొఫెసర్ పక్క టేబుల్ దగ్గర ఉన్నారు. కుర్రాడి వేలు గడ్డ చుట్టూ సులువుగా తిరిగింది. గడ్డ తొక్కలోంచి నిమ్మకాయ జారినట్టు జారి చేతిలోకి వచ్చింది. చుక్క రక్తం లేదు. "చక్కగా వచ్చేసింది సార్!" అని ఆనందంగా అరిచాడు. ఆయన ఇటు వచ్చి, గడ్డను చూడకుండా అది ఉన్న గుంట చూశారు. "చక్కగా వచ్చిందా? అయితే దాని తొక్క ఎక్కడుంది?" అన్నారు. కుర్రాడి ముఖం వాడిపోయింది. ఆ తొక్క నిజంగా తొక్క కాదు. గడ్డ తన చుట్టూ ఉన్నవాటిని నొక్కి నొక్కి చేసుకున్న పొర. అందులో గడ్డ కణాలే ఉంటాయి. దాన్ని వదిలి లోపలిది లాగితే విత్తనం వేసి వచ్చినట్టే. ఈ గడ్డల్ని చుట్టూ ఉన్న మంచి కండతో, అవసరమైతే కిడ్నీతో, పేగు ముక్కతో కలిపి ఒకే ముద్దగా తీయాలి. మొదటిసారి సరిగా చేయకపోతే రెండోసారి చాలా కష్టం.

ప్రొఫెసర్ మంచివాడని చెప్పను. అందరి ముందు ఏడిపించేవాడు, ఆడపిల్లలకు కత్తి ఇవ్వడానికి చాలా రోజులు వెనకాడేవాడు. ఆ రెండో సంగతికి ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. కానీ తొక్క గురించి ఆయన అడిగిన ప్రశ్న నాతోనే నంద్యాల వచ్చింది.

భయం అన్నివేళలా సార్కోమా వైపే చూపించిందనీ అనుకోవద్దు. ఆత్మకూరు నుంచి అడవి పనులకు పోయే ఒకాయన నడుము పక్కన వాపుతో వచ్చాడు. స్కాన్‌లో పెద్ద గడ్డ. అప్పటికే ఒకచోట ఆపరేషన్‌కు ఒప్పుకుని వచ్చాడు. నాకేమో కోయాలన్నా భయమే, వదలాలన్నా భయమే. ఆ భయంతోనే ముందు వీపు వైపు నుంచి లావు సూది పెట్టి చిన్న ముక్క తీయించాను. అది గడ్డే కాదు, క్షయ చీము. మాత్రలతో తగ్గింది. ఆయన ఇప్పటికీ కనబడితే "నన్ను కోయని డాక్టరమ్మ" అని పదిమందికి పరిచయం చేస్తాడు. ముందు సూది, తరువాత కత్తి. ఈ వరస తప్పొద్దు.

ఖాసీం

ఇక ఖాసీం సంగతి. నిజానికి ఇదంతా రాయడానికి కూర్చున్నది అతని కోసమే.

ఖాసీంది ఆళ్లగడ్డ. దూదేకుల వాళ్లు. హైవే పక్కన పరుపుల దుకాణం, వెనక దూది మిషను. నలభై దాటిన మనిషి, నవ్వు ముఖం. భార్య మాబున్నీ, అన్న దస్తగిరి తోడు వచ్చారు. తండ్రి పోయాక తమ్ముణ్ని పెంచింది దస్తగిరే. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా తమ్ముడి వెనకే నిలబడ్డాడు.

"కింద కూర్చోని పరుపు కుట్టలేకపోతాండా డాక్టరమ్మా. వంగితే ఏందో అడ్డం తగుల్తాండాది" అన్నాడు ఖాసీం.

చొక్కా ఎత్తితే కుడివైపు పాత కోత మచ్చ. రెండేళ్ల కింద వేరే ఊళ్లో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆపరేషన్ అయిందట. "ఏం తీశారు?"

"కొవ్వు గడ్డ. అది మామూలుదేలే అన్న్యారు. రిపోర్టు గూడా బాగుంది. ఏమన్నా?" అని వెనక్కి చూశాడు.

"ఔ. బాగుంది" అన్నాడు దస్తగిరి, ఫ్యాను వైపు చూస్తూ. కాగితం అడిగితే ఇల్లు మారినప్పుడు పోయిందన్నాడు.

స్కాన్ తీయించాను. కుడివైపు వెనక గదంతా కొవ్వు. అది కిడ్నీని ముందుకు తోసేసింది. ఆ కొవ్వు మధ్యలో ఒకచోట గట్టిగా, తెల్లగా మరో ముద్ద. ఫిల్ము వెలుగుకు పెట్టి చూస్తుంటే నా అరచేతులు తడిశాయి. కొవ్వు గడ్డలు చర్మం కింద పుడితే నేనూ భయపడను. వెనక గదిలో పుట్టిన కొవ్వును మాత్రం మామూలు కొవ్వని నేనెప్పుడూ నమ్మలేదు. పైగా తీసిన చోటే మళ్లీ వచ్చింది. పైగా మధ్యలో ఆ గట్టి ముద్ద. అది ముదురుతున్న గుర్తు.

"దూదిలో గింజ ఉన్నట్టు ఉంది ఖాసీం" అన్నాను.

"గింజ ఉన్న దూది మేం కొనం డాక్టరమ్మా, వాపసు పంపిచ్చేయి" అని నవ్వాడు. మాబున్నీ కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

చెప్పాల్సింది చెప్పాను. ముందు సూదితో ముక్క తీయాలి. అనుకున్నదే అయితే పెద్ద ఆపరేషన్. కుడి కిడ్నీ, కొంచెం పెద్దపేగు కలిపి తీయాల్సి రావచ్చు. తొడకు పోయే నరం ఆ గడ్డ పక్కనే ఉంది, దాన్ని కాపాడడానికి చూస్తాను, మాట ఇవ్వలేను. ఈ పని రోజూ చేసే చోటు హైదరాబాదులో ఉంది, అక్కడికి పొమ్మంటున్నాను.

ఖాసీం నవ్వు ఆపాడు. "కొవ్వుకు కిడ్నీ ఏమిటికి తీస్తారు? రిపోర్టు బాగుండాది గదా. హైదరాబాదులో మాకెవరుండారు? సూది పొడిస్తే ఇంగా పాకుతాదంట గూడా. వద్దులే డాక్టరమ్మా. దారిలో పోయేదాన్ని పిల్చి ఇంట్లో కూర్చోబెట్టినట్టు."

కోపం వచ్చింది నాకు. కానీ అతని మాటలో తప్పేమీ లేదు. రిపోర్టు బాగుందంటే అతను చెప్పిందే సబబు. రెండేళ్లుగా ఆ ఒక్క మాట పట్టుకుని నిశ్చింతగా ఉన్న మనిషికి, ఒక సాయంత్రం పూట ఎవరో డాక్టరమ్మ ఫిల్ము చూపించి కిడ్నీ ఇచ్చెయ్యమంటే ఎందుకు ఇస్తాడు?

పోయారు. నేను మాత్రం ఆ ఫిల్మును బల్ల మీదనే పెట్టుకుని తిరిగాను. మిగతా రోగుల్ని చూస్తున్నా, చర్చిలో పాట పాడుతున్నా ఆ గట్టి ముద్దే కళ్ల ముందు. మాబున్నీకి ఫోన్ చేసి బతిమాలి మళ్లీ స్కాన్‌కు రప్పించాను. కొన్ని వారాల్లోనే ముద్ద పెరిగింది. వెన్ను పక్కన పోయే పెద్ద సిర వైపు జరిగింది. ఇంకొన్నాళ్లు పోతే ఎవరూ కోయలేని చోటికి చేరుతుంది. ఖాసీం మాత్రం అదే పాట. రిపోర్టు బాగుంది కదా.

మైనపు దిమ్మ

అప్పుడు దస్తగిరిని పక్కకు పిలిచాను. "కాగితం పోతే పోనీ అప్పా. లాబ్ వాళ్లు ముక్కను మైనపు దిమ్మలో పెట్టి ఏళ్ల తరబడి దాస్తారు. నువ్వు పోయి అడిగితే ఇస్తారు. దాన్ని హైదరాబాదు పంపి మళ్లీ చూపిద్దాం. నీ రిపోర్టు సరైనదైతే నేనే మీ తమ్ముడికి క్షమాపణ చెబుతా" అన్నాను.

దస్తగిరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అట్నే" అన్నాడు. ఆ తరువాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయి నేను డబ్బా విప్పి అన్నం కలుపుకుంటుంటే ఒక్కడే వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. తినమన్నాడు. తింటున్నంతసేపూ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి ఏడుస్తున్నాడు.

"మైనం దిమ్మ లేదు మేడం. రిపోర్టు గూడా లేదు. నేను లాబుకు పోనేల్యా."

నాకు అర్థం కాలేదు. ఏం చేశావన్నాను.

"మట్టిలో పెట్టినా. మా నాయన పక్కన."

ఆ రోజు ఆపరేషన్ అయ్యాక, నర్సింగ్ హోం వాళ్లు గడ్డను ప్లాస్టిక్ డబ్బాలో వేసి దస్తగిరి చేతిలో పెట్టారు. కర్నూలులో ఫలానా లాబులో ఇచ్చి రా అన్నారు. మన వైపు ఇది మామూలే. రోగి ఒంట్లో నుంచి తీసింది రోగి బంధువే బస్సులో మోసుకుపోతాడు. అతను బస్టాండు దాకా వెళ్లాడు. ఒళ్లో డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నామె టిఫిను డబ్బా అనుకుని, ఏం కూర అని అడిగిందట.

"నాకు పానం ఒప్పల్యా మేడం. మనిషి ఒంట్లోది అది. మా తమ్ముడిది. ఎవురో కోసి చూసి చెత్తలో పారేస్తారంట గదా. మా జేజికి చక్కెర జబ్బుతో కాలు తీసేసినప్పుడు మా నాయన ఆ కాలు తెల్లగుడ్డలో చుట్టి మట్టిలో పెట్టినాడు. నేనూ అట్నే చేసినా. డాక్టరు కొవ్వు గడ్డేలే అన్న్యాడు. ఇంగ చూసేదేముంది అనుకున్న్యా."

"మరి రిపోర్టు బాగుందని ఎందుకు చెప్పావు?"

"వాడు రోజూ అడిగేటోడు. అన్నా వచ్చిందా, అన్నా వచ్చిందా అని. తిండి తినేటోడు కాదు. ఒగ దినం నోరు జారి బాగుందంట రా అన్న్యా. ఆ పొద్దే వాడు కడుపు నిండా తిన్న్యాడు. ఇంగెట్ల మార్చేది?"

తిట్టడానికి నోరు తెరిచాను. నాకు కోపం తొందరగానే వస్తుంది, ఆ రోజు మరీ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. "ఆ డబ్బా ఎందుకు తీసుకుపోవాలో నీకెవరైనా చెప్పారా?" అని అడిగాను.

"లేదు. ఇచ్చి రా పో అన్న్యారు, అంతే."

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దస్తగిరి చేసింది ప్రేమతో, మర్యాదతో చేసిన పని. ఇందులో తప్పు అతని చేతికి డబ్బా ఇచ్చినవాళ్లది. ఒక మనిషి ప్రాణం ఏ దారి పట్టాలో చెప్పేది ఆ డబ్బా. దాన్ని ఊరగాయ జాడీలాగా చేతిలో పెట్టి పంపడం ఎంత తేలిక పని! కొవ్వు గడ్డేలే అని ముందే అనేయడం ఇంకా తేలిక. ఆ మాటతో డబ్బాకు విలువ పోయింది. మీరు సర్జన్లయ్యాక ఏదైనా మరిచిపోండి కానీ, డబ్బా మోసే మనిషిని కూర్చోబెట్టి అందులో ఏముందో, దాంతో ఏం చేస్తారో చెప్పడం మరిచిపోకండి. లేదా మీ మనిషినే పంపండి.

దస్తగిరి చేతులు జోడించాడు. "నువ్వే చెప్పు మేడం. నేను చెప్తే వాడు నా మొగం చూడడు."

"చెప్పాల్సింది నువ్వే. నేను పక్కన కూర్చుంటా" అన్నాను. నేను చెబితే ఖాసీం నమ్మడని నాకు భయం. కిడ్నీ కోసం డాక్టరమ్మే అన్నను భయపెట్టి పలికించిందనుకుంటే అంతా పోయినట్టే.

మరుసటి రోజు ముగ్గురూ వచ్చారు. దస్తగిరి చెప్పాడు. చెప్పడం అంటే రెండు మాటలే. ముందు పేలింది మాబున్నీ. "బావా, రెండేండ్లు! రెండేండ్లు మాతో నవ్వుతా తిరిగినావే, ఎట్ల తిరిగినావు బావా?" అంది. దస్తగిరి తల ఎత్తలేదు. ఖాసీం లేచి వెళ్లిపోతాడనుకున్నాను.

ఖాసీం అన్న వైపు తిరిగి అడిగాడు. "నాయన పక్కనేనా పెట్టింది?"

"ఔ రా. కుడి పక్క."

"అయితే సగం నేను ఆడనే ఉండా." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నా వైపు తిరిగి, "సూది పొడిపిచ్చు డాక్టరమ్మా" అన్నాడు.

కొవ్వు ఎక్కడ ఆగుతుంది

సూది ముక్క చెప్పింది, నేను భయపడిందే. కొవ్వులో పుట్టిన సార్కోమా, మధ్యలో ముదిరిన భాగం. హైదరాబాదు పోనని ఖాసీం పట్టుబట్టాడు. అక్కడి వాళ్లకు ఫిల్ములు చూపించి, వాళ్లతో మాట్లాడి, కిడ్నీ సర్జన్‌నూ మత్తు డాక్టర్‌నూ కర్నూలు నుంచి పిలిపించి నంద్యాలలోనే చేశాను. ఇది గొప్పగా చెప్పడం లేదు. మీరు ఇలా చేయకండి, పంపండి. పంపలేనప్పుడు కనీసం ఒంటరిగా చేయకండి.

కత్తి పట్టిన మొదటి గంట అంతా పాత మచ్చల చిక్కుముడి విప్పడమే. అంతకుముందు ఎవరో చేయి పెట్టి తోడిన చోటు అది. ఏదీ తన చోట లేదు. అసలు కష్టం దాని తరువాత. మంచి కొవ్వు పసుపు, చెడ్డ కొవ్వూ పసుపే. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో కంటికి తెలియదు, వేలికి తెలియదు. అందుకే కనబడిన కొవ్వంతా, కిడ్నీ, పెద్దపేగు ముక్క, వెనక కండ పొర కలిపి ఒకే ముద్దగా కదిలించాం. అట్లా పెద్ద సిర దగ్గరికి వచ్చాం. దాని గోడ తడి కాగితమంత పలచన. కిడ్నీ సర్జన్ దాన్ని పక్కకు పట్టుకుంటే నేను కొంచెం కొంచెంగా గడ్డను వేరు చేశాను. సిర చిట్లకుండా గడ్డ విడివడింది.

చివరికి మిగిలింది తొడ నరం. గడ్డ దాన్ని చుట్టుకోలేదు, ఆనుకుని ఉంది. నరం తీసేస్తే అంచు శుభ్రంగా, అంటే చెడ్డ కణం మిగలకుండా ఉంటుంది, కానీ ఖాసీం మోకాలు నిలవదు. కింద కూర్చుని లేవలేడు, పరుపు కుట్టలేడు. నరం ఉంచితే దాని మీది పలచటి పొరను గీరి తీయాలి. ఆ పొరలో ఏముందో దేవుడికే తెలియాలి. ఉంచాను. పొర గీరి తీశాను. ఆ నిర్ణయం సరైనదేనని పుస్తకాలు అంటాయి, హైదరాబాదు వాళ్లూ అన్నారు. నా భయం మాత్రం ఒప్పుకోలేదు.

గడ్డను ట్రేలో పెట్టి బయటికి తెచ్చి ఇంటివాళ్లకు చూపించడం మా దగ్గర అలవాటు. దస్తగిరిని పిలిచాను. చూసి, కళ్లు తుడుచుకుని, "ఇది యాడికి పోతాది మేడం?" అన్నాడు.

చెప్పాను. లాబులో అంచులన్నిటికీ రంగు పూస్తారు, ముక్కలు కోస్తారు, ఎక్కడ చెడ్డది మిగిలిందో ఆ రంగును బట్టే తెలుస్తుంది, అది తెలిస్తేనే ఖాసీంకు తరువాత ఏం చేయాలో తెలుస్తుంది. ఇది లేకుండా నేను గుడ్డిదాన్ని. పని అయ్యాక మిగిలింది పారేయరు. లాబు డాక్టరు నా దగ్గర చదువుకున్నదే. అనుమతి తీసుకుని మీకు తిరిగి ఇప్పిస్తాను, మట్టిలో పెట్టుకోండి.

"నేనే తీస్కపోతా" అన్నాడు దస్తగిరి.

మా మనిషిని పంపుదామన్న మాట నోటి దాకా వచ్చింది. అప్పటికే గడ్డను డబ్బాలో సర్దారు, అతను చేతులు చాచి నిలబడ్డాడు. ఇచ్చాను. వెనకాలే ఫోన్ చేద్దామా వద్దా అని తిరుగుతూ గడిపాను. లాబు డాక్టరే ఫోన్ చేసింది. "మేడం, మీ మనిషి డబ్బా ఇచ్చాడు, వెళ్లడం లేదు. వరండాలో కూర్చున్నాడు. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడుతున్నాడు" అంది.

తరువాత మిగిలినది తెల్లగుడ్డలో చుట్టి తండ్రి పక్కనే పెట్టారు. ఈసారి ఖాసీం కర్ర పట్టుకుని తనూ వెళ్లాడు.

అంచు

అంచులన్నీ శుభ్రం, ఒక్కటి తప్ప. నరం దగ్గరి అంచు గురించి రిపోర్టు ఖాయంగా ఏమీ చెప్పలేదు. అందుకని ఆరు నెలలకోసారి స్కాన్. ఖాసీం కోలుకున్నాడు. కింద కూర్చుంటున్నాడు, కుడుతున్నాడు. అన్నతో మాట్లాడడానికి మాబున్నీకి పట్టినంత కాలం కూడా అతనికి పట్టలేదు.

నేను ఆసుపత్రి మానేసిన రోజుల్లో ఆళ్లగడ్డ నుంచి ట్రాలీ ఆటోలో పరుపు వేసుకుని అన్నదమ్ములు వచ్చారు. ఖాసీం తన చేత్తో కుట్టిన పరుపు. మంచం మీద పరిచి, చేత్తో అదిమి చూపించి, "ఒగ గింజ గూడా లేదు డాక్టరమ్మా. ఇంగన్నా నిమ్మళంగా నిద్దరపో" అన్నాడు.

ఉద్యోగం లేకపోయినా అతని స్కాన్ మాత్రం నాకు చూపించనిదే వాళ్లకు తోచదు. మొన్నటి ఫిల్ములో నరం దగ్గర ఒక చిన్న మచ్చ కనబడింది. గోరంత. ఆపరేషన్ మచ్చే కావచ్చు. కాకపోనూ వచ్చు. సూదికి అందేంత లేదు. మూడు నెలలు ఆగి మళ్లీ తీయడం తప్ప ఎవరూ ఏమీ చేయలేరు. హైదరాబాదు వాళ్లూ అదే అన్నారు. ఫిల్ము పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే నా అరచేతులు మళ్లీ తడిశాయి.

దస్తగిరి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, బాగుందని చెప్పు మేడం అన్నట్టు. ఖాసీం అది గమనించాడు.

"మా యన్న బాగుందంటాడు, నాకు తెలుసు. నువ్వు చెప్పు డాక్టరమ్మా."

పిల్లలూ, ఇన్నేళ్ల పనిలో అంత కష్టంగా ఏ మాటా నా నోట్లోంచి రాలేదు. "తెలియదు ఖాసీం. మచ్చ కావచ్చు, గడ్డా కావచ్చు. మూడు నెలలు ఆగితే గానీ తెలియదు. నాకు భయంగానే ఉంది" అన్నాను.

అతను ఫిల్ము తీసుకుని, మడత పడకుండా కవర్‌లో పెట్టుకున్నాడు. "తెల్దని చెప్పినావు గదా, సాలు. దుకాణంలో పనుండాది, పోతాం" అన్నాడు. మెట్లు దిగేటప్పుడు కర్ర లేదు. అన్న భుజం మీద చేయి వేసుకుని దిగాడు.

నిన్న మాబున్నీకి ఫోన్ చేసి, ఎట్లా ఉన్నాడని అడిగాను. తింటున్నాడట, పని చేస్తున్నాడట, పడుకోగానే గురకపెట్టి నిద్రపోతున్నాడట. అతను కుట్టి ఇచ్చిన పరుపు మీద నేనే మేలుకుని ఉంటున్నాను.